బ్యాలే బడికి నేను పంచిన కొలువులు

కొత్తకోటలో ఒక డ్యాన్సు బడిని నెల తిరక్కుండా దవాఖానగా, ఠాణాగా, భూముల కచేరీగా మార్చిన ఘనుణ్ని నేనే. కావాలని చేయలేదు. కావాలని చేసివుంటే అంత చక్కగా కుదిరేది కాదు. నా నోటికి తాళం వేసే మనిషి ఆ రోజు పక్కన ఒక్కడున్నా ఈ కథ పుట్టేది కాదు. ఎవరూ లేరు. వినండి మరి.

నయాపైసలు వచ్చి కొన్నేండ్లయినా సంతలో ముసలమ్మలు ఇంకా అణాల్లోనే బేరమాడే రోజులవి. నేను కొత్తకోట ప్రాథమిక పాఠశాలలో పంతులును, కొత్తగా మీసం మెలేసే వయసు. సెలవుల్లో హైదరాబాదు పోయి ఒక బ్యాలే చూశాను. ఒక్క మాట లేకుండా కథంతా ఆటతోనే చెప్పేశారు. అంతే, పురుగు కుట్టింది. మా ఊరి ఆడపిల్లలు మాత్రం ఎందుకు చేయకూడదు, మనమే ఒక బడి పెడదాం అనుకున్నాను. నాకు ఆట రాదు. పాట రాదు. నేను తాళం వేస్తే పక్కవాళ్లు చేతులు పట్టుకుని ఆపేవారు. ఇవేవీ రానివాడు చేయగలిగిన పని ఒక్కటే ఉంది కనుక బడికి సెక్రటరీనయ్యాను.

జాగా కావాలి కదా. రోడ్డు పక్కన ముత్తయ్య సేటుకు పల్లీల గోదాము ఉంది. సీజను లేనప్పుడు ఖాళీగానే ఉంటుంది. సేటు బిడ్డ కమల నా క్లాసులోనే చదివేది. ఒక చోట నిలబడితే కాలు ఊరుకోని పిల్ల. ఆ పిల్ల పోరు పడలేక సేటు సరేనన్నాడు గాని, ఒక మెలిక పెట్టాడు.

"జాగా ఇస్త సారూ, కిరాయి గూడ వద్దు. గని నేర్పెటోళ్లు మర్యాదస్తులు గావాలె. ఇంతకుముందు యాడ ఏం కొలువు జేసిన్రో నాకెర్క గావాలె. నాచుగాళ్లు, వేషాలోళ్లు, ఊరూరు తిరిగెటోళ్లు అయితే గోదాముకు తాళమేస్త. నా బిడ్డనే గాదు, ఊర్ల ఒక్క ఆడివిల్లను గూడ తోలరు."

"ఫికర్ చెయ్యకుండ్రి సేటూ" అన్నాను.

ఆ ఫికరేదో నేనే చేయాల్సింది. ఆట వచ్చినవాడు ఆట ఆడి బతుకుతాడు గాని, తాలూకా కచేరీలో గుమస్తాగిరీ చేసి మర్యాద ఎందుకు కూడబెట్టుకుంటాడు? ఈ చిన్న సంగతి సేటుకు తట్టలేదు. నాకు తట్టింది గాని, చెప్పడానికి నోరు రాలేదు. చెప్పకూడనప్పుడు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

పంతుళ్ల కోసం పాలమూరు జిల్లా సగం తిరిగాను. ముగ్గురు దొరికారు. కోస్గి బాలకిష్టయ్య ఒక నాటకాల కంపెనీలో హీరోయిన్. అవును, హీరోయినే. మీసం మొలిచిన నాటినుంచి దాన్ని గొరుక్కుంటూ రాణుల వేషాలు కట్టాడు. కంపెనీ మూతపడితే ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతున్నాడు. రెండో ఆయన యేసురత్నం, పెండ్లిళ్ల బ్యాండుమేళంలో క్లారినెట్టు వాయించేవాడు. ఒక్కసారి వింటే చాలు, లారీ హారనును కూడా రాగంలో పెట్టేవాడు. మూడో ఆమె సుందరమ్మ, సర్కసులో తీగ మీద నడిచిన మనిషి. మోకాలు దెబ్బతిన్నాక సర్కసువాళ్లు మహబూబ్‌నగర్‌లో దింపేసి పోయారు. మోకాలు పోయినా భుజాలు పోలేదు. ఒక్క చేత్తో పల్లీల బస్తాను ఎత్తి అవతల పెట్టేది.

ఇంతకన్న మంచి పంతుళ్లు ఆ చుట్టుపక్కల ఎక్కడా దొరకరు. ఈ మాట అప్పుడే గట్టిగా అనివుంటే నా బతుకు వేరే విధంగా ఉండేది.

బాలకిష్టయ్య పెండ్లాం పిల్లలతో, ట్రంకుపెట్టెతో సహా బస్సు దిగాడు. "సారూ, కోస్గిల ఇల్లు ఖాళీ జేసి వచ్చిన. గీ కొలువు నిలవకుంటె మాకు యాడ జాగా లేదు" అన్నాడు. మిగతా ఇద్దరిదీ అదే సంగతి. ఆ మాట విన్నాక నాకు భయం పట్టుకుంది. సేటు అడగబోయేది ఏమిటో నాకు తెలుసు గదా.

ఆ ఆదివారం సేటు నూనె మిల్లు ముందర తల్లిదండ్రులంతా కూర్చున్నారు. సేటు తల్లి శివమ్మవ్వ మంచం మీద కాళ్లు చాపుకుని పొగాకు నములుతోంది. మా ముగ్గురు పంతుళ్లు పక్కనే ఉన్న గోదాము అరుగు మీద ఎడంగా నిలబడ్డారు.

"గీయన ఇంతకుముందు ఏం జేసిండు?" సేటు బాలకిష్టయ్యను చూపించి అడిగాడు.

సరిగ్గా అప్పుడే గిర్దావరు గారి సైకిలు మా ముందునుంచి పోయింది. గిర్దావరంటే పొలాలు కొలిపించి, పట్వారీల మీద పెత్తనం చేసే సర్కారు మనిషి. నా కళ్లు సైకిలు మీద ఉన్నాయి, నోరు తెరిచే ఉంది.

"గిర్దావరు" అన్నాను.

అందరూ సర్దుకుని కూర్చున్నారు. నాకు లోపల చల్లగా అనిపించింది. అబద్ధం ఇంత సులువా అనుకున్నాను.

"గీయన?"

యేసురత్నం ఒంటిమీద పాత తెల్ల బ్యాండు కోటు ఉంది. ఇత్తడి గుండీలు పీకేస్తే అచ్చం దవాఖాన కోటే. "కాంపౌండరు. మిషన్ దవాఖానల."

"గామె?"

సుందరమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆ చేతులు చూస్తే నాకు ఒక్కటే తోచింది. "జమేదారమ్మ. ఆడోళ్ల జైలుల."

సర్కసులో పొట్టి బట్టలేసుకుని తీగ మీద నడిచిందంటే పిల్లల్ని పంపనివాళ్లు, జైలులో లాఠీ పట్టిందనగానే ముఖాలు విప్పార్చుకున్నారు. "మంచిగయింది. పిల్లలు అదుపుల ఉంటరు" అందొక తల్లి. మా జిల్లా పెద్దల తెలివికి నేను ఆ రోజే దండం పెట్టాను. ఇప్పటికీ పెడుతూనే ఉన్నాను.

జనం పోగానే ముగ్గురూ నా మీద పడ్డారు.

"సారూ, నేను గిర్దావరునా?" అన్నాడు బాలకిష్టయ్య, చేయి చెంపకు ఆనించి. ఆశ్చర్యం వస్తే ఆయన చేయి దానంతటదే చెంప మీదికి పోతుంది.

"మాజీ గిర్దావరువు."

"మాజీ అంటె?"

"అంటె ఇప్పుడేం చెయ్యనక్కర లేదు. ఊకె ఉంటె చాలు."

ఇదీ నేను చేసిన ఘోరమైన తప్పు. మాజీ అనే మాటకు మా వైపు చెలామణి లేదు. డాక్టరు లేని ఊళ్లో, పొలం కొలవాలంటే కచేరీ చుట్టూ చెప్పులరగదీయాల్సిన ఊళ్లో, పని తెలిసిన మనిషి గోదాములో ఊరికే కూర్చున్నాడంటే జనం ఊరుకుంటారా?

మర్నాడు పొద్దున్నే శివమ్మవ్వ వచ్చింది, మోకాళ్ల నొప్పులని.

"సూది లేదవ్వా" అన్నాడు యేసురత్నం, భయంగా.

"మంచిదే బిడ్డా."

"మందు గూడ లేదవ్వా."

"ఇంకా మంచిది. ఏం జెయ్యాల్నో చెప్పు."

ఆయనకు తెలిసిందల్లా వేడినీళ్ల కాపడం. అది చెప్పి, చేతులు ఏం చేయాలో తోచక క్లారినెట్టు తీసి మెల్లగా ఒక పాట వాయించాడు. అవ్వ అరుగు మీదే హాయిగా నిద్రపోయింది. లేచి పోయి ఊరంతా చెప్పింది. మర్నాటికి మా బడి ముందు జనం రోడ్డుదాకా వరుసకట్టారు. బెంగుళూరు రోడ్డు మీద పోయే లారీ డ్రైవర్లు కూడా బండి ఆపి దిగుతున్నారు.

యేసురత్నం నన్ను మూలకు లాగాడు. "సారూ, గాయన పన్ను పీకుమంటున్నడు."

"పీకకయ్యా!"

"నేనెందుకు పీకుత సారూ? నెత్తురు జూస్తె నాకే కండ్లు తిరుగుతయి. మీరొచ్చి చెప్పుండ్రి."

నేను పోయి చెప్పాను. ఆ డ్రైవరు నన్ను పెద్ద డాక్టరనుకుని నోరు తెరిచి చూపించాడు. ఏం చేయను, చూశాను.

అటు సుందరమ్మ దగ్గరికి ఊళ్లోని భార్యలందరూ తాగిన మొగుళ్లను ఈడ్చుకొచ్చారు. "జర రెండు రోజులు లోపటేయి జమేదారమ్మా, బుద్ధొస్తది" అని బతిమాలుతారు. లోపలెయ్యడానికి జైలేది? ఆమె విసుగొచ్చి ఒకణ్ని నడుం పట్టి ఎత్తి, బస్తాల దొంతి మీద కూర్చోబెట్టింది. వాడికి దిగడం చేతకాలేదు. కైపు దిగిందాకా అక్కడే కూర్చుని, పిల్లల ఆటకు చప్పట్లు కొట్టాడు. ఆ దెబ్బకు సుందరమ్మ పేరు చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. కల్లు దుకాణమాయన నాతో పోట్లాటకు వచ్చాడు. "సారూ, మీ జైలు మా దుకాణం ముందరనే పెట్టాల్నా? గిరాకీ అంతా పోతాంది!"

"జైలు కాదయ్యా, డ్యాన్సు బడి!"

"ఏదైతేంది, మావోళ్లు గీ దిక్కు రానీకె జంకుతున్నరు."

ఈ గోలలో పిల్లల ఆట ఎవరికి పట్టింది? ఆడపిల్లలు గజ్జెలు కట్టుకుని రోగుల మధ్యన నిలబడేవారు. కమల నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను నిలదీసింది. "సారూ, ఊరందరికి మందులిస్తున్నరు, మాకెవరు నేర్పుతరు?"

"నేనే తాళమేస్త, ఆడుండ్రి" అన్నాను.

ఒక్క నిమిషం తాళం వేశానో లేదో, వరుసలోని రోగులు కూడా ఆపమన్నారు.

అసలు ముప్పు బాలకిష్టయ్య వైపునుంచి వచ్చింది. ముత్తయ్య సేటు పొలం, బుచ్చిరెడ్డి పొలం పక్కపక్కనే ఉంటాయి. ఒకప్పుడు ఒకే చేను, సరిసమానంగా పంచుకున్నారు. మధ్య గట్టు మాత్రం ప్రతి వానాకాలం కొంచెం అటో ఇటో జరిగేది. ఏండ్లనుంచి పంచాయితీ. సేటు ఇంత నవ్వు ముఖంతో గోదాముకొచ్చాడు. "మన గిర్దావరు ఇంట్లనే ఉండంగ కచేరీకెందుకు? రేపు పొద్దున కొలుద్దాం సారూ."

బాలకిష్టయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు. "నేను పోను సారూ. నాకు కొలుచుడు రాదు. కొలిచే గొలుసు యాడున్నదని అడిగితె ఏం జెప్పాలె?"

"గొలుసు అవసరం లేదు, అడుగులతో కొలుస్తనని చెప్పు. ఊకె జర నడిచిరా. నడుచుడు వస్తది గదా?"

"నడుచుడు వస్తది" అన్నాడు పాపం.

వచ్చు. అక్కడే కొంప మునిగింది. పొద్దున చల్లపూట సేటు చేను కొలిచేటప్పుడు చుట్టూ మగవాళ్లే ఉన్నారు. ఆయన పంచె ఎగ్గట్టి, రాజు వేషగాడిలా బారు బారు అడుగులు వేశాడు. సేటు లెక్క పెట్టుకున్నాడు. ఎండెక్కాక బుచ్చిరెడ్డి చేనులోకి దిగారు. అక్కడ పల్లి చేనులో కలుపు తీస్తున్న ఆడవాళ్లు పని ఆపి, గట్టు మీద కూర్చుని చూడసాగారు. ఎదురుగా జనం కూర్చుంటే బాలకిష్టయ్య ఒళ్లు ఆయన మాట వినదు. ఎన్నేండ్ల అలవాటు! చేయి నడుం మీదికి పోయింది, తల ఓరగా వాలింది, అడుగులు చిన్నగా, ముద్దుగా పడ్డాయి. రాణి అంతఃపురంలో పూలు కోస్తున్నంత నిదానంగా బుచ్చిరెడ్డి చేను ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా నడిచాడు.

లెక్క చూస్తే బుచ్చిరెడ్డి చేనులో అడుగులు సేటు చేనుకన్న ఎంతో ఎక్కువ. "జూసినవా? నా భూమి తిన్నవు!" అని సేటు ఎగిరాడు. ఆ పూటనే కూలీలను పెట్టి గట్టును బుచ్చిరెడ్డి చేనులోకి జరిపించాడు. బుచ్చిరెడ్డి కొట్లాటకు దిగలేదు. బాలకిష్టయ్యను కిందికీ మీదికీ చూసి, "గిర్దావర్లు గిట్ల నడుస్తరా?" అని మాత్రం అడిగి వెళ్లిపోయాడు. నాకు ఆ రాత్రినుంచి సరిగ్గా కన్నంటలేదు. నిజం చెప్పేద్దామని రోజూ మిల్లుదాకా పోవడం, సేటు తాళంచెవుల గుత్తి చూడగానే మంచినీళ్లు తాగి తిరిగిరావడం. ఆ గుత్తిలోనే గోదాము తాళంచెవి కూడా వేలాడేది.

పొద్దూకి రోగులు, మొగుళ్లు ఇండ్లకు పోయాక ముగ్గురూ పిల్లలకు ఆట నేర్పుతూనే వచ్చారు. ఎట్లాగో చావు తప్పి, మొదటి బ్యాలే ఆడించే రోజు వచ్చింది. గోదాము ముందు పెట్రోమాక్సు లైట్లు వేలాడదీశాం. ఊరు ఊరంతా వచ్చి కూర్చుంది. ముందు వరుసలో సేటు, మంచం మీద శివమ్మవ్వ. రాణి వేషం వేయాల్సిన పిల్లకు జ్వరమొచ్చింది. చేసేది లేక బాలకిష్టయ్యే చీర కట్టి రాణి అయ్యాడు. ఊరి పెద్ద ఆఫీసరు సరదాగా పిల్లల కోసం వేషం కట్టాడని చెబుదామనుకున్నాను. చూశారా, అప్పటికీ బుద్ధి రాలేదు.

నేను వేదికెక్కి, "మాజీ గిర్దావరు బాలకిష్టయ్య గారు" అని మొదలుపెట్టానో లేదో, వెనకనుంచి బుచ్చిరెడ్డి లేచాడు. పక్కన ఖాకీ కోటు వేసుకున్న పెద్దమనిషి ఉన్నాడు. ఆ రోజు సైకిలు మీద పోయినాయన.

"సారూ, అసలు గిర్దావరును తోలుకొచ్చిన. జర మీ గిర్దావరును బయటికి పిలువుండ్రి. ఇద్దరు మాట్లాడుకుంటరు."

తెర పక్కనుంచి బాలకిష్టయ్య చీరలోనే బయటికి వచ్చాడు.

"ఏ సర్కిల్ల జేసిన్రు మీరు?" అన్నాడు గిర్దావరు, కండ్లద్దాలు సవరించుకుంటూ.

బాలకిష్టయ్య నావైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. ఎదురుగా లైట్లు, జనం, ఒంటిమీద చీర. ఆయన నోరు తెరిచేసరికి గొంతులోంచి రాణి మాట్లాడింది. "చిత్తము ప్రభూ, తమరేమడిగితిరి?"

గిర్దావరు ఉలిక్కిపడ్డాడు. "ఆగుండ్రి! గా గొంతు నాకెర్కే. మీరు నాటకంల రాణి గదా? కొడుకు సచ్చిపోయినప్పుడు ఏడుస్తరు, గా రాణి! కోస్గి జాతరల మిమ్ముల జూసి నేను మూడు దినాలు ఏడ్చిన. ఇంట్లోళ్లు నాకేమో అయిందని తాయెత్తు గట్టించిన్రు!"

సేటు మెల్లగా లేచి నావైపు తిరిగాడు. "సారూ, గిదేంది?"

"గిర్దావరు కాకముందు సేటూ..." అని ఇంకో అబద్ధానికి ఇటుక పేర్చబోయాను.

"చాలు సారూ" అన్నాడు బాలకిష్టయ్య. ఈసారి సొంత గొంతు. "సేటూ, నేను గిర్దావరును గాను. ఆడేషం గట్టి బతికిన. యేసురత్నం బ్యాండు వాయించిండు, సుందరమ్మ సర్కసుల జేసింది. మాకు వచ్చింది గిదే. గిదే మీ పిల్లలకు నేర్పినం. తప్పయితే రేపు పొద్దున బస్సెక్కుతం."

ఆయన వెనక తెర సందులోంచి ఆయన భార్య, పిల్లలు చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. ఆ మనిషి చీర కట్టుకుని నిజం చెప్పాడు, నేను పంచె కట్టుకుని నెలరోజులు చెప్పలేకపోయాను.

సేటు చేయి తాళంచెవుల మీదికి పోయింది. అప్పుడు శివమ్మవ్వ పొగాకు ఉమ్మేసి నోరు తెరిచింది. "కూసోరా ముత్తా. యేసురత్నం బ్యాండోడని నాకు మొదటి దినమే ఎర్క. నీ పెండ్లి ఊరేగింపుల నీ గుర్రం ముందర వాయించింది ఎవరనుకున్నవు? నువ్వు మొఖం నిండ పూలు గట్టుకుంటివి, నీకేం కానొస్తది?"

"ఎర్కుంటె మరి మోకాళ్లకు గాయన దగ్గరికెందుకు పోయినవమ్మా?"

"దవాఖానల సూదేస్తరు. గీయనకు సూది లేదు. గంతకన్న మంచి డాక్టరు యాడ దొరుకుతడురా?"

జనమంతా ఒక్కసారి గొల్లున నవ్వారు. "జమేదారమ్మ కాకున్న మంచిదే, మా ఆయన కుదురుగ ఉన్నడు" అని ఎవరో ఆడమనిషి అరిచింది. గిర్దావరు రెండు చేతులు జోడించి ఆట మొదలుపెట్టమన్నాడు. "గోదాము నా పేరు మీద ఉన్నది. గా తాళంచెవులు ఇటియ్యి" అంది అవ్వ. ఆ గుత్తి మళ్లీ సేటు మొలకు చేరలేదు. ఆ సాయంత్రం కమల ఆడింది చూసి సేటు కండ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను గాని, నన్నెవరూ చూడలేదు.

ఆట అయిపోగానే సేటుకు గట్టు గుర్తొచ్చింది. "మరి నా భూమి?"

"రేపు గొలుసుతోని కొలుద్దాం" అన్నాడు గిర్దావరు. "గొలుసు కొన పట్టనీకె ఒక మనిషి గావాలె."

ఊరంతా తలలు తిప్పి నన్నే చూసింది.

మర్నాడు ఎండలో, తుమ్మముళ్లలో గొలుసు కొన పట్టుకుని ఆ రెండు చేన్లూ నేను తిరిగాను. గట్టు మళ్లీ పాత చోటికే పోయింది. జరిపిన మట్టిని తిరిగి ఎత్తిపోసే పని కూడా నాకే అప్పగించారు. కాలులో ముల్లు విరిగి యేసురత్నం దగ్గరికి పోతే, "సూది లేదు సారూ" అన్నాడు, నవ్వకుండా. సేటు మాత్రం బాలకిష్టయ్యను పల్లెత్తు మాట అనలేదు. "గాయన నడక గాయనది. గిర్దావరని చెప్పినోన్ని అనాలె" అనేవాడు, నేను వినేట్టు.

ఆ బడి చాలా ఏండ్లు నడిచింది. పంతుళ్లు ముందేం చేశారని మళ్లీ ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు గదా. నాకు దేవరకొండకు బదిలీ అయింది, ఆ తర్వాత ఇంకెన్నో ఊళ్లు. ముసలివాణ్నయ్యాక ఒకసారి కొత్తకోటలో బస్సు దిగాను. ఇప్పుడు కమలే అక్కడ పిల్లలకు నేర్పుతోంది. నన్ను చూసి సంబరంగా ఎదురొచ్చి, పిల్లల తల్లిదండ్రులకు చూపించింది. "గీ బడి పెట్టింది గీ సారే."

"గట్లనా? ఇంతకుముందు ఏం కొలువు జేసిండమ్మా?" అన్నాడు ఒకాయన.

కమల నావైపు చూసింది. ముఖంలో ఒక్క గీత కదలలేదు. "గిర్దావరు" అంది.

నేను చాయ్ తాగి బస్టాండుకు చేరేసరికి ఇద్దరన్నదమ్ములు గట్టు పంచాయితీతో నాకోసం నిలబడి ఉన్నారు.

అందుకని తల్లులారా, తండ్రులారా, మీ అందరి ఎదుట చేయెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఏ మనిషికీ ఆయన చేయని కొలువును నా నోటితో ఇప్పించను. చేసిన కొలువును కూడా ఇప్పించను. ఎవరైనా అడిగితే దండం పెట్టి అక్కడినుంచి నడిచి వెళ్లిపోతాను. ఆ నడిచేటప్పుడు కూడా, వెనక ఎవరూ అడుగులు లెక్కపెట్టడం లేదని చూసుకున్నాకే కాలు కదుపుతాను.